ఇంట్లో ఫొటోగ్రఫీ సాధనకు కెనాన్ 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం ఎంతవరకు పనికొస్తుంది?

కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో కొంత చేయి తిరిగాక చాలామంది కొనే రెండో లెన్స్ 50ఎంఎం ఎఫ్/1.8. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు చేసిన ఈఎఫ్ శ్రేణిలో దాని ఎస్‌టీఎం రూపం (స్టెప్పింగ్ మోటారుతో ఫోకస్ చేసేది) 2015లో వచ్చింది. బరువు 160 గ్రాములు. జూమ్ లేదు, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు. దీన్ని మెచ్చుకునేవారు ముందుగా చెప్పేది మనిషి వెనుక దృశ్యం ఎంత అందంగా మసకబారుతుందో అన్న సంగతే. ఇంట్లోవాళ్లు తమ పనుల్లో తాము ఉండగా వాళ్లను తీస్తూ ఫొటోగ్రఫీ మెళకువలు నేర్చుకోదలచినవారి వైపు నుంచి చూస్తే మాత్రం, ఈ లెన్స్ ఇచ్చేవాటిలో ఆ మసకకు నేను చివరి స్థానమే ఇస్తాను.

ఇంట్లో ఫొటోకు పనికొచ్చే ఘట్టాల్లో ఎక్కువ భాగం వెలుతురు చాలని చోటే జరుగుతాయి. నిద్ర కళ్లతో లేచి కూర్చున్న పాప, కిటికీ పక్కన పత్రికలో తల దూర్చిన తాతయ్య, రాత్రి ఒక్క దీపం కింద అమ్మ చేత జడ వేయించుకుంటున్న అమ్మాయి, ఇవన్నీ కెమెరాకు చీకటి దృశ్యాలే. కిట్ లెన్స్‌ను 50ఎంఎం దగ్గరికి తిప్పితే దాని ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). ఎఫ్/1.8 అంతకు సుమారు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది కనుక, అదే ఐఎస్‌ఓలో (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయిలో) సెకనులో 15వ వంతు పట్టే ఫొటో ఇక్కడ 150వ వంతులో పూర్తవుతుంది. చేతి వణుకూ, పాప తల తిప్పడమూ ఫొటోను పాడుచేసే అవకాశం బాగా తగ్గుతుంది. ఫ్లాష్ అవసరం రాకపోవడం ఇంకా పెద్ద మేలు. ఫ్లాష్ ఒక్కసారి మెరిసిందంటే ఇంట్లో అందరూ చేస్తున్న పని ఆపి కెమెరా వైపు తిరిగి నవ్వుతారు, ఆ తర్వాత తీయడానికి మిగిలేది ఆ నవ్వు ఒక్కటే.

కిటికీ వెలుతురును అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా అనువైన పరికరం నాకు తోచడం లేదు. మనిషి కిటికీకి పక్కవాటుగా కూర్చున్నప్పుడు ఒక చెంప వెలుగులో, మరొకటి నీడలో ఉంటాయి. కెమెరా మీటర్ గదిలోని చీకటిని చూసి మొత్తాన్ని వెలుతురుగా చూపాలని ప్రయత్నిస్తుంది. ఫలితంగా వెలుగులో ఉన్న చెంప తెల్లగా కాలిపోతుంది. ఫొటో వెలుతురును మనమే పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గిస్తే చెంప మీద చర్మం తిరిగి కనబడుతుంది, నీడ నీడగానే నిలుస్తుంది. అదే మనిషిని, అదే కిటికీని ఉంచి, కిటికీ వాళ్ల వెనుకకు వచ్చేలా మనం స్థలం మారి, బయటి వెలుతురుకు మీటర్ చూసుకుంటే వచ్చేది నల్లని సిల్హౌట్. ముఖం పక్కకు తిరిగి, ముక్కు, గడ్డం రేఖ తెలిసేలా ఉంటేనే అది ఎవరిదో పోల్చుకోగలం. ఇక మనమే కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుగు ముఖమంతా సమంగా పడి చదునుగా ఉంటుంది. జూమ్ ఉన్నప్పుడు మనిషి ఉన్నచోటే నిలబడి రింగు తిప్పుతాడు. అది లేనప్పుడు అడుగులు వేయక తప్పదు, అడుగు మారినప్పుడల్లా వెలుగు దిశ ఎలా మారుతోందో కంటికి తెలుస్తుంది. చిన్న సెన్సర్ ఉండే క్రాప్ సెన్సర్ కెమెరా మీద ఈ లెన్స్, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై 80ఎంఎం లెన్స్ చూపేంత దృశ్యాన్ని చూపుతుంది కాబట్టి, ముఖానికి మరీ దగ్గరగా వెళ్లి ఇబ్బంది పెట్టనవసరం కూడా లేదు.

ఇప్పుడు మసక సంగతి. క్రాప్ సెన్సర్ మీద ఎఫ్/1.8 పెట్టి ఒక మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కంటికి ఫోకస్ పెడితే చెవి పోతుంది. ముఖం కాస్త తిరిగి ఉంటే రెండో కన్ను కూడా పోతుంది. అమ్మమ్మ, మనవరాలు పక్కపక్కన కూర్చున్నప్పుడు ఇద్దరూ స్పష్టంగా రావాలంటే రెండు మీటర్ల దూరానికి జరిగి ఎఫ్/4 పెట్టడం మేలు. అప్పుడు లోతు 24 సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఆ లెక్కలు అలా ఉంచితే, నా అభ్యంతరం వేరు. వెనుకదంతా కరిగించేసిన ఫొటోలో ఆ ఇల్లు ఉండదు. గోడ గడియారం, నేల మీద చెల్లాచెదురైన బొమ్మలు, సగం తెరిచిన బీరువా ఉంటేనే అది ఆ కుటుంబపు ఫొటో అవుతుంది. కావాలని మెత్తని ఫోకస్‌ను వాడుకున్నవారు లేకపోలేదు. 1863లో కూతురు, అల్లుడు కానుకగా ఇచ్చిన కెమెరాతో మొదలుపెట్టిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ బంధువులను, ఇంట్లో పనిచేసేవారిని కూర్చోబెట్టి తీసిన ముఖచిత్రాలకు ఆ మెత్తదనమే పేరు తెచ్చింది. అయితే ఆవిడ ముఖాన్నే మెత్తబరిచారు. నేపథ్యాన్ని చెరిపేసి ముఖానికి పదును పెట్టే నేటి అలవాటుకూ దానికీ పోలిక లేదు. ఈ లెన్స్ ఎఫ్/1.8 దగ్గర కాంట్రాస్ట్ తగ్గి కొంచెం మెత్తగానే ఉంటుంది, ఎఫ్/2.8 దగ్గర పదునెక్కుతుంది. వృద్ధుల ముఖాలకు నాకు మొదటిదే నచ్చుతుంది.

దగ్గరి ఫొటోల విషయంలో పాత రూపం కన్నా ఇది స్పష్టంగా మెరుగు. అది 45 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ చేయలేకపోయేది, ఇది 35 వరకు వెళ్తుంది. అంత దగ్గర నుంచి క్రాప్ సెన్సర్ మీద ఫ్రేము నిండేది సుమారు పది సెంటీమీటర్ల వెడల్పు, ఏడు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న స్థలం. శిశువు పిడికిలి, సూదిలో దారం ఎక్కిస్తున్న వేళ్లు, అక్షరాలు దిద్దుతున్న పెన్సిల్ మొన అందులో చక్కగా ఇముడుతాయి. కానీ ఇక్కడ ఎఫ్/1.8 అంటే రెండు మిల్లీమీటర్ల లోతు. ఎఫ్/8 వరకు మూసినా ఒక సెంటీమీటరు రాదు.

కదలికను పట్టుకోవడంలో ఈ లెన్స్‌కు మిశ్రమ మార్కులే. ఎదురుగా పరుగెత్తుకొచ్చే పిల్లవాణ్ని దీని ఆటోఫోకస్ ప్రతిసారీ అందుకోలేదు. వాడి అడుగు పడబోయే చోట ముందే ఫోకస్ పెట్టుకుని, సెకనులో 500వ వంతు ఉంచి, వాడు అక్కడికి వచ్చేదాకా ఆగడమే మంచి దారి. సైకిల్ తొక్కుతున్న పిల్లతో పాటు కెమెరాను తిప్పే ప్యానింగ్‌కు 15 నుంచి 30వ వంతు సరిపోతుంది, దానికి స్టెబిలైజేషన్ లేకపోవడం లోటు కాదు. చిక్కు ఎండలో వస్తుంది. ఐఎస్‌ఓ 100 దగ్గర కూడా, ఈ లెన్స్ చిట్టచివరి ఎపర్చర్ అయిన ఎఫ్/22కి మూసినా, మండుటెండలో సెకనులో 50వ వంతు దగ్గరే ఆగిపోతాం. నీడలోకి మారితే ఎఫ్/8తోనే 25వ వంతు దొరుకుతుంది. లేదంటే లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే 49ఎంఎం ఎన్‌డీ ఫిల్టర్ కొనాలి. కుటుంబాన్నే ప్రయోగశాలగా చేసుకున్నవారిలో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్తీగ్ పేరు ఇక్కడ చెప్పుకోవాలి. 1894లో పుట్టిన ఆయన బాల్యం నుంచే తన అన్ననూ, బంధువులనూ గెంతుతుండగా, దూకుతుండగా తీశాడు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1963లో ఆ ఫొటోలను ప్రదర్శించాకే ప్రపంచం ఆయన్ని ఫొటోగ్రాఫర్‌గా గుర్తించింది. ఆయన వాడిన బరువైన కెమెరాలతో పోలిస్తే దీని ఆటోఫోకస్ మందగమనం గురించి ఫిర్యాదు చేయడం కొంత గొంతెమ్మ కోరికే.

అసలైన లోటు ఇరుకు. క్రాప్ సెన్సర్ మీద రెండు మీటర్ల దూరంలో ఇది చూపే వెడల్పు 90 సెంటీమీటర్లకు మించదు. వరుసగా నిలబడి రెండు మీటర్ల వెడల్పు ఆక్రమించే కుటుంబం పట్టాలంటే నాలుగున్నర మీటర్లు వెనక్కి నడవాలి, చాలా గదుల్లో అంతకు ముందే వీపు గోడకు తగులుతుంది. అప్పుడు తలుపు బయటికి వెళ్లి గుమ్మాన్నే ఫ్రేముగా చేసుకోవడమో, అద్దంలోంచి తీయడమో అలవాటవుతుంది. అద్దంలో తీసేటప్పుడు ఫోకస్ దూరం అద్దం దాకా మాత్రమే కాక, అక్కడి నుంచి మనిషి దాకా ఉన్న దూరాన్ని కూడా కలుపుకోవాలి. ఇరుకు మరీ విసిగిస్తే కెనాన్ 24ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం ఉంది. 125 గ్రాముల ఆ పలుచని లెన్స్ 16 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ చేస్తుంది, గదిని గదిలా చూపిస్తుంది, అయితే ఎఫ్/1.8 తీసుకునే వెలుతురులో సగం కన్నా తక్కువే దానికి అందుతుంది.

నిర్మాణం గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. మౌంట్ లోహంతో చేసినది. పక్కల నుంచి పడే వెలుతురును అడ్డుకునే హుడ్ విడిగా కొనాలి. ఫోకస్ రింగు మోటారు ద్వారా పనిచేసేది కనుక కెమెరా ఆపివేసి ఉన్నప్పుడు తిప్పితే ప్రయోజనం ఉండదు. ముందుకు పొడుచుకొచ్చిన లోపలి గొట్టం వెనక్కి వెళ్లాకే కెమెరా ఆపడం క్షేమం. పాత రూపంలో ఎపర్చర్ రేకులు అయిదు, ఇందులో ఏడు. అందువల్ల వెనుక ఉన్న దీపాలు ఎపర్చర్ కొంచెం మూసినా గుండ్రదనాన్ని పెద్దగా కోల్పోవు, ఎఫ్/16 దగ్గర ఒక్కో దీపం చుట్టూ 14 కిరణాలు వస్తాయి. ఎఫ్/1.8 దగ్గర తెల్లని బట్టల అంచుల్లో ఊదా, ఆకుపచ్చ చారలు కనబడటం మామూలే.

కెనాన్ క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారు, ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా తీయడం ఇష్టమైతే, దీన్ని నిస్సందేహంగా కొనవచ్చు. నలుగురూ ఒకేచోట చేరే ఘట్టాలే ఎక్కువగా తీసేవారు ముందు 24ఎంఎం కొనడం మంచిది. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు వాడేవారికి అడాప్టర్ పెట్టి దీన్ని బిగించే శ్రమ అక్కర్లేదు. 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8 కూడా 160 గ్రాములే, అది 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది.