కసూరి మెంతి డబ్బా: కొనండి, కానీ అన్ని బాండీల్లో వేయకండి

భీమవరంలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. మధ్యాహ్నం పూట కౌంటర్ దగ్గర నిలబడితే చాలు, ఊళ్లోవాళ్లు ఏ వంటల వీడియోలు చూస్తున్నారో ఫోన్ ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. ఈమధ్య తరచూ వినపడే ప్రశ్న, "ఆంటీ, ఇందులో కసూరి మెంతి వేశారా?" పనీర్ చూపించి అడిగితే సరే. దొండకాయ వేపుడు చూపించి కూడా అడుగుతున్నారు. అందుకే కూరల్లో నలిపి చల్లే ఈ ఎండు ఆకు గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

నేను వాడేది ఎండీహెచ్ వారిది. తలపాగా, తెల్లమీసాల పెద్దాయన బొమ్మతో డబ్బాలు వస్తాయే, ఆ కంపెనీదే. మూత తీయగానే ఎండుగడ్డి వాసన, దాని వెనక కాస్త మాడిన పంచదార వాసన తగులుతాయి. ఆకు నలిగి పిండైపోకుండా విడివిడిగా ఉంటుంది, పచ్చదనం మిగిలి ఉంటుంది. పేరూ ఊరూ లేని ప్యాకెట్ చవగ్గా వస్తోందని తెచ్చి జల్లెడ పడితే అడుగున ఇసుక, పైన కాడలు. ఆకు అప్పటికే పసుపు తిరిగిపోయింది. వాసన ఎక్కడా లేదు. దీనికి డబ్బు పెట్టేదే వాసన కోసం కదా.

పేరు పాకిస్తాన్ పంజాబ్‌లోని కసూర్ పట్టణానిది. మనకు అందేది మాత్రం ఎక్కువగా రాజస్థాన్‌లోని నాగౌర్ వైపు పండిన పంట. మన పప్పులో వేసే మెంతికూరకు ఇది చుట్టమే కానీ మొక్క వేరు. మెంతికూరను ఎండలో ఆరబెట్టి ఇంట్లోనే చేసుకోవచ్చని చెప్పేవాళ్లున్నారు. చేసుకోండి, బాగానే ఉంటుంది. ఈ వాసన మాత్రం రాదు.

వాడే పద్ధతి మీదే అంతా ఉంది. బాండీ బాగా వేడెక్కాక పొయ్యి ఆపేసి, ఆ వేడికే ఆకును అటూ ఇటూ తిప్పాలి. మంట మీద వేయిస్తే క్షణంలో నల్లబడి చేదెక్కుతుంది. చల్లారాక రెండు అరచేతుల మధ్య వేసి నలిపి, కూర దించేముందు చల్లి మూత పెట్టాలి. మొదట్లో నూనెలో వేసి కూరంతా ఉడికేదాకా ఉంచితే వాసన ఆవిరితో పోతుంది, చేదు మిగులుతుంది. నలుగురు తినే కూరకు చిన్న చెంచాడు చాలు.

ఆ అరచేతుల నలుపుడు ఉంది చూశారూ, మన ఇళ్లల్లోకి ఈ డబ్బాను తెచ్చింది అదే. 1993లో జీ టీవీలో చెఫ్ సంజీవ్ కపూర్ వంటల కార్యక్రమం 'ఖానా ఖజానా' మొదలైంది. హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లం కూడా చూసేవాళ్లం. చేతులు ఏం చేస్తున్నాయో తెలియడానికి భాషతో పనేముంది? తర్వాత 2007లో మన సంజయ్ తుమ్మ, వాహ్ చెఫ్ అంటే అందరికీ తెలిసినాయన, ఇంటర్నెట్‌లో వంటల వీడియోలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత లెక్కలేనన్ని ఛానళ్లు. చూసినవాళ్లు వంటకం మొత్తం నేర్చుకుంటారనుకుంటాం. నా కౌంటర్ దగ్గర కనపడేది వేరు. వంటకం మర్చిపోతారు, చివర్లో చెఫ్ చేసిన ఒక్క పని గుర్తుంచుకుంటారు: నలిపి చల్లిన ఆకు, పైన తిప్పి పోసిన క్రీమ్, బొగ్గు మీద నెయ్యి వేసి పట్టిన పొగ. ఇంటికెళ్లి దాన్ని పాత కూరకే అంటిస్తారు.

యూట్యూబ్‌లో వంటలు చేసి చూపిన గుంటూరు వైపు గుడివాడ మస్తానమ్మగారిని తలుచుకోండి. పుచ్చకాయలో ఆవిడ చేసిన చికెన్ చూడని తెలుగువాళ్లు తక్కువ. అల్లం పొట్టు గోళ్లతో గీకేసే ఆ చేతులంటే నాకు ఎంత ఇష్టమో! కానీ పుచ్చకాయలో చికెన్ ఎవరింట్లోనైనా వండగా చూశారా? నేను చూడలేదు. చిటికెడు ఆకు మాత్రం ఇంటింటికీ చేరింది, ఎందుకంటే దానికి కష్టం లేదు, ఖర్చు లేదు, కూరకు 'రెస్టారెంట్ స్టైల్' అని పేరొచ్చేస్తుంది.

నా పేచీ కూడా అక్కడే. మా ఊరు రొయ్యల ఊరు. ఇగురులో ఉల్లి ఎర్రగా వేగి, రొయ్య తీపి పైకి వస్తేనే రుచి. ఓ కుర్రాడు పార్టీ ఆర్డర్ ఇస్తూ, "ఇగురులో కూడా కసూరి మెంతి పడాలి ఆంటీ, వీడియోలో వేశారు" అన్నాడు.

"బాబూ, విడిగా చిన్న గిన్నెలో చేసి ఇస్తాను, ముందు రుచి చూడు" అన్నాను.

తిన్నాడు. "బాగుంది, కానీ పనీర్ తిన్నట్టుంది" అన్నాడు. అంతకంటే సరిగ్గా నేను కూడా చెప్పలేను. గుత్తి వంకాయలోనూ అంతే, వేయించిన నువ్వులు, ధనియాల వాసనను మింగేస్తుంది. చేపల పులుసుకు మెంతిపొడి ఉండనే ఉంది, దాని చేదు పులుపుతో కలిసిపోతుంది. ఈ ఆకు కలవదు, విడిగా నిలబడుతుంది.

వెన్న, క్రీమ్, టమాటా, జీడిపప్పు పేస్టు ఉన్న చోట మాత్రం దీనికి తిరుగులేదు. బటర్ చికెన్, దాల్ మఖనీ, పనీర్ కూరల్లో ఆ కొవ్వు తీపికి ఈ కాస్త చేదు తగిలితేనే మొహం మొత్తకుండా ఉంటుంది. చపాతీ పిండిలో కలిపినా బాగుంటుంది. ఆలూ వేపుడుకు కూడా నేను అభ్యంతరం చెప్పను.

సరుకుకు అయిదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది అట్ట డబ్బాకు. మా కోస్తా గాలికి తెరిచిన కొద్ది రోజులకే ఆకు మెత్తబడి వాసన తగ్గుతుంది. తెచ్చిన రోజే పొడి గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా పెట్టకండి. ఇంటి వాడకానికి చిన్న డబ్బాయే తీసుకోండి. ఏరగా మిగిలిన కాడలు పారేయకుండా పల్చటి గుడ్డలో మూటకట్టి, దాల్ మఖనీకి పప్పు ఉడికేటప్పుడు కుక్కర్‌లో వేసి తీసేయండి.