పెట్రా: ఖజ్నే దగ్గరే ఆగిపోకండి

జోర్డాన్ వెళ్లే మనవాళ్లు చాలామంది పొద్దున్నే అమ్మాన్‌లో బస్సెక్కి, కొండల్ని తొలిచి కట్టిన పాత నగరం పెట్రాలో నాలుగైదు గంటలు తిరిగి, రాత్రికి మళ్లీ అమ్మాన్ చేరిపోతారు. వీలుంటే అలా చేయకండి. పోనురానూ దాదాపు 460 కిలోమీటర్లు, సగం రోజు రోడ్డు మీదే పోతుంది. పైగా మేము వెళ్లినప్పుడు ఒక రోజు టికెట్ 50 దినార్లు, రెండు రోజులకి 55. ఐదు దినార్లు ఎక్కువ పెడితే ఇంకో పూర్తి రోజు దొరుకుతుంది. జోర్డాన్‌లో మూడు రాత్రులైనా ఉండేవాళ్లు ‘జోర్డాన్ పాస్’ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే మేలు. 40 దినార్ల వీసా రుసుము తప్పుతుంది, పెట్రా టికెట్ అందులోనే కలిసి వస్తుంది.

గేటు నుంచి సిక్ అనే కొండల మధ్య దారి మొదలయ్యేదాకా గుర్రం స్వారీ టికెట్‌లోనే ఉందని అక్కడివాళ్లు పిలుస్తారు. నిజమే, కానీ దిగేటప్పుడు టిప్పు గట్టిగానే అడుగుతారు. నడవగలిగినవాళ్లకి ఆ కాస్త దూరానికి గుర్రం అక్కర్లేదు. గైడ్ మాత్రం కావాలి. విజిటర్ సెంటర్ దగ్గర గుర్తింపు ఉన్న గైడ్లు ఉంటారు, మొదటి పూటకి ఒకరిని మాట్లాడుకోండి.

ఎందుకంటే సిక్‌లో చూడాల్సినవన్నీ గోడల మీదే ఉన్నాయి, చెప్పేవాళ్లు లేకపోతే కంటికి ఆనవు. సిక్ అంటే రెండు ఎర్రటి కొండల మధ్య 1.2 కిలోమీటర్ల సన్నటి చీలిక. ఒకవైపు గోడలో నడుమెత్తున తొలిచిన నీటి కాలువ, ఇంకోవైపు మట్టి గొట్టాలు పరిచిన ఆనవాళ్లు మన పక్కనే సాగుతుంటాయి. ఒకచోట ఒంటెల బారుని చెక్కారు. పైభాగమంతా అరిగిపోయింది. ఒంటెల పాదాలు, వాటిని నడిపించే మనిషి కాళ్లు, అతని బట్ట అంచు మాత్రం మిగిలాయి. పెట్రాని చెక్కిన పాతకాలపు అరబ్ జాతి నబాతియన్లు. సాంబ్రాణి, సుగంధద్రవ్యాల బేరంతో ఎదిగిన వాళ్ల బతుకంతా నాకు ఆ పాదాల్లోనే కనిపించింది.

వానలు అంతంతమాత్రంగా పడే చోట వేలమంది బతికిన ఊరు ఇది. పడ్డ ప్రతి చుక్కనీ కాలువల్లోకి, రాతి తొట్టెల్లోకి మళ్లించారు కాబట్టే బతికారు. సిక్ మొదట్లో వరద నీటిని పక్కకి తిప్పే సొరంగం వాళ్లు తొలిచిందే. 1963లో ఉన్నట్టుండి వచ్చిన వరదలో 20 మందికి పైగా ఫ్రెంచ్ యాత్రికులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ ఆనకట్ట మళ్లీ కట్టారు. ఇప్పటికీ వాన సూచన ఉంటే లోపలికి పంపరు. అలాంటప్పుడు వాళ్లతో వాదించకండి.

సిక్ చివర్లో ఖజ్నే. సుమారు 40 మీటర్ల ఎత్తు, ఒకే కొండని చెక్కిన ముఖద్వారం. ఎల్లోరా కైలాసంలాగే పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. రెండు పక్కలా పనివాళ్లు కాళ్లు పెట్టుకోవడానికి తొలిచిన గుంటలు వరసగా కనిపిస్తాయి, తప్పక చూడండి. పేరుకి ఖజానా గానీ నిజానికి ఇది సమాధి. పైనున్న రాతి కలశంలో బంగారం ఉందని నమ్మి తుపాకులతో కాల్చిన గుర్తులు దాని మీద ఉన్నాయి. లోపలికి వెళ్లనివ్వరు. పొద్దున తొమ్మిది దాటాక ఎండ పడి రాయి రంగు తేలుతుంది, జనం కూడా అప్పుడే ముంచుకొస్తారు. నా మాట వింటే ఆరింటికే గేటు దగ్గర ఉండండి.

చాలామంది ఇక్కడ ఫోటోలు దిగి వెనక్కి తిరిగిపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కొండలో తొలిచిన నాటకశాల, రాజ సమాధులు, రోమన్లు క్రీ.శ. 106లో నబాతియన్ల రాజ్యాన్ని కలుపుకున్నాక కూడా వాడుకలో ఉన్న స్తంభాల వీధి, అన్నీ ఇంకా ముందుకెళ్తేనే. అన్నిటికన్నా నాకు నచ్చింది అద్ దెయిర్, కొండ పైన రాతిలో చెక్కిన ఇంకో పెద్ద కట్టడం. 800కి పైగా మెట్లు ఎక్కాలి. మధ్యాహ్నం దాటాక వెళ్తే దాని మీద ఎండ పడుతుంది. ఖజ్నే కన్నా పెద్దది, నగిషీ తక్కువ, ఎదురుగా విశాలమైన ఆవరణ. అక్కడ టీ తాగుతూ కూర్చుంటే లేవాలనిపించదు. గాడిదల మీద మాత్రం ఎక్కకండి. ఆ మెట్ల మీద బరువుతో అవి జారడం కళ్లారా చూశాను. మోకాళ్లు సహకరించకపోతే రాజ సమాధులు తీరిగ్గా చూసుకోవడమే మంచిది.

బస విషయానికొస్తే, పెట్రాని ఆనుకుని ఉన్న ఊరు వాదీ మూసాలో గేటు దగ్గరి హోటళ్లు ఖరీదు, ఊళ్లో పైకి వెళ్లేకొద్దీ చౌక. మేము పైన ఒక చిన్న హోటల్లో దిగాం. గది శుభ్రం, మనుషులు మంచివాళ్లు, కానీ వేడినీళ్లు రాత్రిపూట ఆగిపోయేవి. రోజంతా నడిచొచ్చాక ఆ ఎత్తు ఎక్కడం చాలా కష్టం. పెద్దవాళ్లతో వెళ్తే డబ్బు కాస్త ఎక్కువైనా గేటు పక్కనే తీసుకోండి. పొద్దున్నే బయల్దేరతామని ముందురోజు చెప్తే టిఫిన్ కట్టిస్తారా అని అడగండి, మాకు కట్టిచ్చారు.

తిండికి శాకాహారులకి ఇబ్బంది లేదు: ఫలాఫెల్ (సెనగ వడలు), హమ్మస్ (మెత్తగా రుబ్బిన సెనగల ముద్ద), వేడివేడి రొట్టె. కారం మాత్రం తక్కువ, పొడి డబ్బా వెంట ఉంచుకోండి. లోపల నీళ్ల సీసా ధర బాగా ఎక్కువ.

రెండోరోజు కాస్త సమయం మిగిలితే దగ్గర్లోనే నబాతియన్లు తొలిచిన ఇంకో చోటు, చిన్న పెట్రాకి వెళ్లండి. టికెట్ లేదు, జనం తక్కువ. అక్కడ ఒక గది కప్పు మీద ద్రాక్షతీగలు, పక్షులు, వేణువూదే పిల్లవాడి బొమ్మలున్నాయి. నబాతియన్ల రంగుల చిత్రాలు మిగిలింది బహు తక్కువ చోట్ల. టాక్సీ ఎక్కేముందే రానుపోనూ ఎంతో, అక్కడ ఎంతసేపు ఆగుతాడో మాట్లాడుకోండి.