రెండు ముక్కల లెడ్ ఏప్రాన్: సైజు కుదిరితేనే నడుముకు సాయం

సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్-రే చూపే మిషన్) ఉన్న ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో, నడుం నొప్పి మాట ఎత్తితే అందరూ ముందు గంటలకొద్దీ నిలబడటాన్నే తిట్టుకుంటారు. అదీ నిజమే. అయితే తొడ ఎముకకు రాడ్డు వేసేటప్పుడు, వెన్నెముకకు స్క్రూలు బిగించేటప్పుడు, కిడ్నీ రాళ్లకు పీసీఎన్ఎల్ (వీపున చిన్న రంధ్రం చేసి రాళ్లు తీసే ఆపరేషన్) చేసేటప్పుడు ఆ నిలబడటానికి తోడు ఒంటి మీద ఎక్స్-రేలను ఆపే అయిదారు కిలోల లెడ్ (సీసం) ఏప్రాన్ కూడా ఉంటుంది. చాలా నర్సింగ్ హోముల్లో ఉండేది ఒకటే ముక్కగా ముందువైపు వేలాడే, అందరికీ ఒకే సైజు ఏప్రాన్. దాని స్థానంలో వెస్టు, స్కర్టు విడివిడిగా ఉండే రెండు ముక్కల రకం కొనడం లాభమా అంటే, స్క్రబ్ అయ్యేవాళ్లకు లాభమే. మిగతావాళ్లకు అంత అవసరం లేదు.

ఈ తేడా ఎందుకంటే, స్క్రబ్ నర్సు, సర్జన్, అసిస్టెంటు ఏప్రాన్ వేసుకున్నాకే చేతులు కడుక్కుని పైన స్టెరైల్ గౌను తొడుక్కుంటారు. కేసు అయ్యేదాకా దాన్ని విప్పే వీలుండదు. షూట్ చేసేది, అంటే ఎక్స్-రే వదిలేది, నిమిషాలే అయినా ప్లేటు బిగించేటప్పుడు, కుట్లు వేసేటప్పుడు కూడా ఆ బరువు మోయాల్సిందే. బయట తిరిగే సిస్టరు అలా కాదు, షూట్ చేసేటప్పుడు వెనక్కి జరగొచ్చు. దూరం రెట్టింపైతే పడే రేడియేషన్ సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. మధ్యలో ఏప్రాన్ తీసి తగిలించొచ్చు కూడా. డబ్బు తక్కువగా ఉంటే మొదటి రెండు ముక్కల సెట్టు స్క్రబ్ సిస్టరుకే కొనాలి. మన దగ్గర మామూలుగా సర్జన్‌కు కొంటారు, అది వేరే సంగతి.

బరువు తగ్గుతుందనుకుని కొంటే మాత్రం నిరాశే. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. అంటే అర మిల్లీమీటరు మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న సీసపు రేకు దాదాపు 5.7 కిలోలు తూగుతుంది. రెండు ముక్కల సెట్టు వీపును కూడా కప్పుతుంది కాబట్టి మొత్తం బరువు ముందువైపు ఏప్రాన్‌తో సమానంగానో, ఒక్కోసారి ఎక్కువగానో ఉంటుంది. మారేది ఆ బరువు ఆనే చోటు. ఒకటే ముక్క ఏప్రాన్ భారమంతా రెండు భుజాల మీద పడి, ముందుకు వేలాడుతూ ఒంటిని ముందుకు లాగుతుంది. దాన్ని ఆపడానికి నడుం కండరాలు కేసంతా బిగిసే ఉండాలి. టేబుల్ మీదికి వంగితే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. మెడ పట్టేయడం, జబ్బలు లాగడం, సాయంత్రానికి నడుం కింద మొద్దు నొప్పి రావడం ఇందువల్లే. రెండు ముక్కల రకంలో స్కర్టు బరువు తుంటి ఎముక మీద ఆనుతుంది. భుజాల మీద మిగిలేది వెస్టు ఒక్కటే.

అందుకే సైజు ముఖ్యం. మంచి సెట్టులో సీసం 0.25 మి.మీ. ఉంటుంది. ముందు ఎడమ రెక్క మీదికి కుడి రెక్క పూర్తిగా వస్తే అక్కడ 0.5 అవుతుంది, వీపున 0.25 మిగులుతుంది. లావుగా ఉన్నవాళ్లు చిన్న సైజు వేసుకుంటే రెక్కలు పూర్తిగా కలవవు, ముందు కొంత మేర 0.25 మాత్రమే ఉంటుంది. లేబుల్ మీద 0.5 అని అచ్చయి ఉన్నా అక్కడ అది పనిచేయదు. సన్నగా ఉన్నవాళ్లు పెద్ద సైజు వేసుకుంటే అక్కర్లేని బరువు మోయడమే కాక స్కర్టు జారి సీ-ఆర్మ్ పెడల్ దగ్గర కాళ్లకు అడ్డం పడుతుంది. మన స్క్రబ్ సిస్టర్లలో పొట్టివాళ్లు ఎక్కువ, కొనే కమిటీలో పొడుగువాళ్లు ఎక్కువ. కొలతలు తీసుకోకుండా ‘ఫ్రీ సైజు’ ఆర్డరు పెట్టొద్దు.

వేసుకునే క్రమం ఇది. ముందు స్కర్టు. నడుం పక్కన చేత్తో తడిమితే తగిలే ఎముక అంచు మీద బెల్టు కూర్చోవాలి, పొట్ట మీద కాదు. ఊపిరి వదిలి బిగించాలి. తర్వాత వెస్టు. దాని కింది అంచు స్కర్టు పైకి కనీసం ఒక అరచేయి వెడల్పు దిగాలి. రెండు చేతులూ పైకెత్తి, ఒకసారి స్టూలు మీద కూర్చుని చూడాలి. మధ్యలో స్క్రబ్స్ గుడ్డ కనబడితే ఆ వెస్టు పొట్టిదన్నమాట. ఆ తర్వాత థైరాయిడ్ కాలర్ (గొంతును కప్పే పట్టీ). ఇదంతా చేతులు కడుక్కోకముందే పూర్తవ్వాలి. గౌను తొడిగాక బెల్టు వదులైతే మీరు ముట్టుకోలేరు. బయటి సిస్టరు గౌను కింది నుంచి చెయ్యి పెట్టి స్కర్టు పైకి లాగాల్సి వస్తుంది, అది స్టెరిలిటీకి మంచిది కాదు.

మొట్టమొదట పాడయ్యేది వెల్క్రో. గుడ్డ గౌన్ల నూలు, దూది పీచు అందులో చిక్కుకుని ఏడాది తిరక్కుండానే పట్టు వదిలేస్తుంది. పాత టూత్ బ్రష్షుతోనో సన్న పళ్ల దువ్వెనతోనో వారానికోసారి పీచు తీస్తే చాలాకాలం వస్తుంది. బకిల్ ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. వెస్టు చంక దగ్గర కూడా గమనించాలి. అక్కడ వెడల్పుగా కోసి ఉంటే, సీ-ఆర్మ్‌కు పక్కకు తిరిగి నిలబడే సిస్టరుకు రొమ్ము పక్క భాగం కప్పు లేకుండా ఉండిపోతుంది. వీపు వైపు లాభం స్క్రబ్ సిస్టరుకే ఎక్కువ. సామాను కోసం ట్రాలీ వైపు తిరిగినప్పుడు ముందువైపు ఏప్రాన్ ఆమెకు ఏమీ కాపలా కాయదు.

ఉక్క మాత్రం ఒక లోపమే. ఏసీ సరిగా లేని ఓటీలో వీపంతా తడిసిపోతుంది.

లైట్ వెయిట్, లెడ్ ఫ్రీ అని అమ్మేవాటిలో తగరం, యాంటిమొని, బిస్మత్, టంగ్‌స్టన్ లాంటివి కలుపుతారు. నిజంగానే తేలిగ్గా ఉంటాయి. కానీ ఈ లోహాలు అన్ని కేవీల (ఎక్స్-రే శక్తిని నిర్ణయించే కిలోవోల్టుల) దగ్గరా సీసంలా ఆపవు. తగరం, యాంటిమొని మధ్యస్థ శక్తి దగ్గర బాగా పనిచేసి, కేవీ పెరిగేకొద్దీ వెనకబడతాయి. లావుపాటి రోగి తుంటికి షూట్ చేసేటప్పుడు సీ-ఆర్మ్ తనంతట తానే కేవీ పెంచేస్తుంది. కాబట్టి ‘0.5 లెడ్ ఈక్వివలెంట్’ (0.5 మి.మీ. సీసంతో సమానం) అన్న ముక్క ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఏ కేవీ నుంచి ఏ కేవీ దాకా పరీక్షించారో లేబుల్ మీద ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61331-1, 2014 పద్ధతిలో పరీక్షించారా అని కూడా అడగండి. తేలిక లోహాల నుంచి తిరిగి పుట్టే ఎక్స్-రేలను పాత సన్నని కిరణం పరీక్ష పట్టుకోదు. సేల్స్‌మన్ నీళ్లు నమిలితే ఆ ఏప్రాన్ వద్దు.

రెండు ముక్కలకు ఇప్పుడే డబ్బు లేదంటే, ఉన్న ఒకటే ముక్క ఏప్రాన్ మీద వెడల్పాటి బెల్టు బిగించండి. బెల్టు కట్టి, భుజాల దగ్గర గుడ్డను కొంచెం పైకి లాగి వదిలితే కొంత బరువు తుంటి మీదికి దిగుతుంది. రెండు ముక్కలంత హాయి రాదు కానీ ఖర్చు దాదాపు లేనట్టే.

ఏప్రాన్‌ను స్టూలు మీద మడిచి పడేసినా, డోర్ హ్యాండిల్‌కు వేలాడదీసినా మడత దగ్గర లోపలి రేకు పగులుతుంది, పైన గుడ్డ మాత్రం కొత్తదిలా కనిపిస్తుంది. వెస్టుకు లావు హ్యాంగరు, స్కర్టుకు క్లిప్పు హ్యాంగరు కావాలి. వీటిని కొటేషన్‌లోనే రాయించుకోండి, తర్వాత ఎవరూ కొనరు. ఆటోక్లేవ్, వాషింగ్ మెషిన్, బ్లీచింగ్ వద్దు. తేలికపాటి సబ్బు నీటి గుడ్డతో తుడిస్తే చాలు. ఏడాదికోసారి, కింద గట్టిగా పడ్డప్పుడల్లా సీ-ఆర్మ్ కింద పరిచి చూడాలి. ఆటో మోడ్‌లో పెడితే మిషన్ కేవీ పెంచుకుంటూ పోతుంది, మాన్యువల్‌లో తక్కువ కేవీకి పెట్టి చూడండి. చూసేవాళ్లు ఇంకో ఏప్రాన్ వేసుకోవడం మరవొద్దు. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేది) ఏప్రాన్ లోపల, ఛాతీ మీద ఉండాలి.

ఎంత మంచి సెట్టు కొన్నా అడ్డుకోలేనివి రెండున్నాయి. ఒకటి, పెయింటింగ్ (చర్మానికి మందు పూయడం), డ్రేపింగ్ (స్టెరైల్ గుడ్డలు కప్పడం) అయ్యేదాకా రోగి కాలు ఎత్తి పట్టుకోవడం. మనిషి బరువులో ఒక కాలు వాటా 16 శాతం దాకా ఉంటుంది. 70 కిలోల మనిషి కాలంటే 11 కిలోలు. ఏప్రాన్‌తో కలిపి చేతులు చాచి దాన్ని మోస్తే ఏ బెల్టూ ఆదుకోదు. లెగ్ హోల్డరు వాడండి, లేదంటే ఇద్దరు మార్చుకోండి. రెండోది, కేసు అయిన వెంటనే హడావుడిలో ఏప్రాన్‌తోనే రోగిని ట్రాలీ మీదికి మార్చడం. గౌను విప్పి, ఏప్రాన్ తీసి హ్యాంగరుకు తగిలించాకే షీటు పట్టుకోవాలి. దానికి పట్టేది ఒక నిమిషం, మత్తు డాక్టరు ట్యూబు తీసేలోపే అయిపోతుంది.