కార్తీక సమావేశానికి వక్తా, బుర్రకథా?

విశాఖలో మా రాజకీయ చర్చా క్లబ్బు వనభోజనాల ముందు ఏటా ఇదే తర్జనభర్జన.

ఖర్చు: ఊళ్లోని వక్తకు ఆటో చార్జీ, శాలువా, భోజనం చాలు. హైదరాబాద్ నుంచి పిలిస్తే రైలు టికెట్, గది అద్దె కూడా. బుర్రకథకు ముగ్గురి పారితోషికం, రానుపోను ఖర్చు, మంచి మైకు సెట్టు.

శ్రమ: వక్తకు విషయం, సమయం ముందే చెప్తే చాలు. దళానికి వేదిక, దుస్తులు మార్చుకునే గది చూడాలి.

ముప్పు: వక్త గంటన్నర లాగితే వెనక కుర్చీలు ఖాళీ. ఆరుబయట కథ చెప్పిస్తే మైకుకు పోలీసు అనుమతి తీసుకోవాలి, రాత్రి 10కి ఆపాలి.

పొసగడం: నాకు ముఖ్యం ఇదే. 1966 విశాఖ ఉక్కు ఉద్యమం నుంచి, ఆ కర్మాగారంపై కేంద్రం 2021లో తీసుకున్న పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం దాకా లెక్కలతో తేల్చుకోవాలంటే, ఎదురు ప్రశ్న వేయడానికి మనిషి కావాలి. కథ మధ్యలో ప్రశ్న వేయలేం. అలాగని బుర్రకథను ఉత్త కాలక్షేపం అంటే ఒప్పుకోను. కథకుడి పక్కనున్న ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. 1940లలో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఊరూరా జనాన్ని కదిలించింది ఈ కళతోనే.

సభ్యులే వచ్చే, చర్చ తెగాల్సిన సమావేశానికి వక్తనే పిలవండి, 40 నిమిషాలకు మించకుండా. పిల్లాపాపలతో, కొత్తవాళ్లతో తోటలో కూర్చునే కార్తీకానికి బుర్రకథ పెట్టండి.