వెనక్కి పంపడమా, చట్టబద్ధం చేయడమా?

అనుమతి లేకుండా పరాయి దేశంలోకి ప్రవేశించి ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారి విషయంలో ప్రభుత్వాల ముందు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: వెతికి వెనక్కి పంపడం, లేదా షరతులతో నివాస హక్కు ఇవ్వడం.

నియమాలు పాటించి వీసా కోసం వేచివున్నవారికి అన్యాయం జరగకూడదన్నది మొదటి మార్గానికి ఉన్న బలమైన వాదన. అయితే పనివాళ్లను తొలగిస్తే స్థానికుల కూలి దానంతటదే పెరుగుతుందన్న ఆశ అనుభవంలో నిలబడలేదు. మెక్సికో కూలీలను చట్టబద్ధంగానే రప్పించిన బ్రసెరో ఒప్పందాన్ని అమెరికా 1964 చివరలో ముగించినప్పుడు, కాలిఫోర్నియా టమాటా రైతులు కోత యంత్రాల వైపు మళ్లారు. పైగా, పట్టుబడతామన్న భయం ఉన్నంతకాలం కూలి ఎగ్గొట్టిన యజమానిపై ఫిర్యాదు చేసే ధైర్యం చాలామందికి ఉండదు. ఆ నిస్సహాయత పక్కన పనిచేసే స్థానికుడి బేరమాడే శక్తిని కూడా తగ్గిస్తుంది.

రెండో మార్గమూ లోపరహితం కాదు. అమెరికా 1986 చట్టం సుమారు 27 లక్షల మందికి నివాస హక్కు ఇచ్చినా, యజమానులపై తనిఖీ బలహీనంగా ఉండడం వల్ల 2007 నాటికి అనుమతి లేనివారి సంఖ్య కోటి దాటింది. స్పెయిన్ 2005లో మరింత జాగ్రత్తపడింది: ఉద్యోగ ఒప్పందాన్ని, నేరచరిత్ర లేకపోవడాన్ని తప్పనిసరి చేసి, కార్మికుడు సామాజిక భద్రతా వ్యవస్థలో నమోదయ్యాకే అనుమతి అమలయ్యేలా చూసింది. అలా ఐదున్నర లక్షలకు పైగా మంది చట్టబద్ధ ఉపాధిలోకి వచ్చారు.

నా దృష్టిలో స్పెయిన్ పద్ధతే మెరుగు, ఎందుకంటే అది నేరస్థులను పంపివేసే అధికారాన్ని వదులుకోకుండానే చాటుమాటు ఉపాధిని వెలుగులోకి తెచ్చింది.