ట్రెడిల్ మీద కాగితం పట్టు: గేజ్ పిన్నులు, అతికించే గైడ్లు చాలాకాలం వాడాక

కాగితాన్ని ఒక్కొక్కటిగా చేత్తో పెట్టి అచ్చు వేసే ట్రెడిల్ మిషన్లు ఇప్పుడు పుస్తకాలు అచ్చు వేయడం లేదు. బిల్ బుక్కులకు నంబరింగ్, పర్ఫరేషన్, శుభలేఖలకు క్రీజింగ్ (మడత గీత నొక్కడం), డై కటింగ్ (ఆకారానికి కోయడం), ఫాయిల్ (వేడితో అంటించే మెరుపు రేకు), అప్పుడప్పుడూ అక్షరాలు పైకి లేచి ఉండే పాలిమర్ ప్లేటుతో లెటర్‌ప్రెస్ కార్డులు, ఇంతే మిగిలాయి. ఇవన్నీ అంతకుముందే అచ్చయిన కాగితం మీద రెండోసారి పడే పనులు. అందుకే ఒకప్పుడు అర మిల్లీమీటరు తేడాను ఎవరూ పట్టించుకోని మిషన్ మీద ఇప్పుడు అదే అర మిల్లీమీటరుకు పార్టీ సరుకు తిప్పి పంపుతున్నాడు. కాగితాన్ని నిలబెట్టే గైడ్లు నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి: స్ప్రింగ్ నాలుక ఉన్న గేజ్ పిన్నులు, అతికించే క్వాడ్లు (టైపు మధ్య ఖాళీ నింపే సీసపు దిమ్మలు), కార్డు ముక్కల మెట్లు, జిగురు ప్లాస్టిక్ గైడ్లు. చాలాకాలం వాడాక ఏది దేనికి పనికొచ్చిందో, ఏది ఎక్కడ చెయ్యిచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు గేజ్ పిన్ను సంగతి. అమెరికాలో మెగిల్ పేరుతో పందొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చిన నమూనా ఇది. ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు దాని నకళ్లే. ఇందులో మూడు భాగాలుంటాయి. టింపన్ షీటు (కాగితం ఆనే పలక మీద బిగించే పైకాగితం) కిందికి దూరే కాలు ఒకటి, పైనుంచి షీటులోకి దిగే చిన్న పళ్లు, కాగితం అంచు మీదికి వాలి లేవకుండా ఆపే స్ప్రింగ్ నాలుక. 70 నుంచి 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితానికి దీనికి మించినది లేదు. పన్ను సరిగ్గా దిగితే రోజంతా నడిపినా జరగదు.

అయితే పన్ను సరిగ్గా దిగడం టింపన్ మీద ఆధారపడి ఉంటుంది, పిన్ను మీద కాదు. పిన్నులు నాసిరకం అని తిట్టే చోట నూటికి తొంభై సార్లు టింపన్ వదులుగా ఉంటుంది. పైషీటు గట్టి క్రాఫ్ట్ కాగితమో, నూనె పట్టించిన మనీలా కాగితమో అయి ఉండాలి. దాని కింద మూడు నాలుగు పుస్తకపు కాగితాలు, ఒక గట్టి ప్రెస్ బోర్డు. కింది కమ్మీ ముందు బిగించి, షీటును లాగి పట్టుకుని పై కమ్మీ వేయాలి. వేలితో తడితే డప్పులా మోగాలి. మోగకపోతే పిన్నుతో పాటు షీటే జరుగుతుంది, ఆ కదలిక పిన్ను వైపు చూస్తే కనపడదు.

బిగించే వరుస ఇది. ఫారానికి (చట్రంలో బిగించిన టైపుకు) సిరా పలచగా పట్టించి టింపన్ మీదే ఒక అచ్చు తీయాలి. ఆ అచ్చు నుంచి మార్జిన్ కొలిచి స్క్వేరుతో కింద ఒక గీత, ఎడమ పక్కన ఒక గీత గీయాలి. తెలుగు ఫారంలో చివరి వరుస కింది పిన్నుల వైపు వస్తే, కొలత అక్షరం పాదం నుంచి కాదు, వత్తు అడుగు నుంచి తీయాలి. అక్షరం నుంచి తీస్తే నాలుక మీద వత్తు పడుతుంది. ఆ దెబ్బకు ముందు వత్తు నలుగుతుంది, తర్వాత నాలుక వంగుతుంది. పిన్ను కాలును గీతకు కొంచెం కింద, పైషీటులోకి మాత్రమే గుచ్చి లోపలికి జార్చాలి. కింది కాగితాల ప్యాకింగ్ లోపలికి దిగితే మేక్‌రెడీ (అచ్చు సమంగా పడేందుకు చేసిన సర్దుబాటు) పాడవుతుంది. పిన్ను మొహం గీతకు ఆనాక వేలితో నొక్కి పళ్లు దింపాలి. ఒక షీటు అచ్చు తీసి చూసి, సరిపోయాకే చిన్న మేలెట్‌తో ఒక్క తట్టు తట్టాలి. టింపన్ మీద పడ్డ సిరాను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, టాల్కం పౌడర్ రాయాలి. రాయకపోతే మొదటి యాభై షీట్ల వెనక మసి అంటుతుంది.

ఎన్ని, ఎక్కడ? కింద రెండు, పక్కన ఒకటి. నాలుగోది పెట్టిన మిషన్లు చూశాను. నాలుగో పిన్ను వల్ల ఒరిగేది ఏమీ లేకపోగా, కాగితం ఒక్కో షీటుకు ఒక్కో మూడు పిన్నులను ఆనుకుంటుంది. కింది పిన్నులు షీటు పొడవులో రెండు చివర్ల నుంచి ఆరో వంతు దూరంలో, పక్క పిన్ను కింది మూల నుంచి మూడో వంతు ఎత్తులో ఉంటే చాలు. కింది పిన్నుల మధ్య దూరం తగ్గిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. రెండింటి మధ్య 150 మిల్లీమీటర్లు ఉండి ఒకటి అర మిల్లీమీటరు జరిగితే, 240 మిల్లీమీటర్ల ఎత్తున్న షీటు పైభాగంలో అచ్చు 0.8 మిల్లీమీటరు పక్కకు పోతుంది. అదే దూరం 100 అయితే 1.2 మిల్లీమీటర్లు. నంబరింగ్‌కు ఇది కనపడదు, క్రీజు గీతకు బోర్డరు దగ్గర వెంటనే కనపడుతుంది.

గేజ్ పిన్నులో నాకు నచ్చనిది సన్నని సవరింపు. పన్ను ఒకసారి దిగాక 0.3 మిల్లీమీటరు జరపాలంటే జరగదు, తిరిగి పాత రంధ్రంలోకే జారుకుంటుంది. తట్టి తట్టి జరిపితే రంధ్రం సాగి మొత్తానికే వదులవుతుంది. దీనికి దారి ఒకటే. పిన్ను పూర్తిగా తీసేసి, పాత రంధ్రం మీద టేపు ముక్క వేసి, టేపు మీదే కొత్తగా పన్ను దింపాలి. ఎక్కువ కాపీల పనైతే పిన్ను వెనక ఒక చుక్క లక్క పెడతారు. ఫెవికాల్ కూడా పనిచేస్తుంది కానీ ఆరేదాకా ఆగాలి, ఆగే ఓపిక ప్రెస్సులో ఎవరికీ ఉండదు.

పర్ఫరేషన్ పనిలో పిన్నులు వదులయ్యే కారణం వేరు. చిల్లులు వేసే స్టీలు రూలు షీటు అంచు దాటి బయటికి సాగి ఉంటే, ప్రతి దెబ్బకూ టింపన్‌ను కోస్తుంది. రెండు మూడు వందల షీట్లయ్యేసరికి పైషీటులో చీలిక, దాని పక్కనున్న పిన్ను తేలిపోవడం. రూలు పడే చోట సన్నని స్టీలు పట్టీ అతికించాలి. రూలు పొడవును షీటు అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే దాటేలా కత్తిరించాలి. పిన్నును ఆ గీతకు కనీసం రెండు సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి.

క్వాడ్ అతికించే పద్ధతి పాతది. డబ్బు ఖర్చు లేనిది కూడా. 12 పాయింట్ల క్వాడ్‌ను పడుకోబెట్టి అతికిస్తే ఎత్తు 4.2 మిల్లీమీటర్లు. ఫారంలో ఆ చోట ఫర్నిచరే (టైపు చుట్టూ ఖాళీ నింపే దిమ్మలు) ఉంటే ఫర్నిచర్ టైపు కన్నా చాలా కిందే ఉంటుంది కాబట్టి క్వాడ్‌కు చోటు సరిపోతుంది. మందపాటి బోర్డుకు, కవర్లకు, డబ్బా అట్టలకు నిటారు గోడలా నిలుస్తుంది. కానీ నాలుక లేదు. 90 జీఎస్‌ఎం కింద కాగితం క్వాడ్ మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఎక్కకుండా క్వాడ్ మీద అట్ట ముక్కను మూడు మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చేలా అతికిస్తే నాలుక పని చేస్తుంది. ఫారం మార్చినప్పుడు క్వాడ్ తీయడం మరిచిపోతే మాత్రం ఎదురుగా ఉన్న టైపు నలిగిపోతుంది. ఏ గైడయినా సరే, కరెంటు వేసే ముందు చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాల్సిందే.

పాలిమర్ ప్లేటు పనిలో గేజ్ పిన్ను, క్వాడ్ రెండూ పనికిరావు. ఇక్కడ అక్షరం చుట్టూ ఫర్నిచర్ ఉండదు, ప్లేటు కింద అల్యూమినియం దిమ్మ ఉంటుంది. టైపు ఎత్తు 23.3 మిల్లీమీటర్లు. దిమ్మ 21.7 ఉంటే, అచ్చు పడే క్షణంలో దిమ్మకూ టింపన్‌కూ మధ్య మిగిలేది 1.6 మిల్లీమీటర్లే. దిమ్మ కార్డు కన్నా పెద్దదిగా ఉంటుంది కాబట్టి గైడ్లు దాని నీడలోకి వస్తాయి. పిన్ను పెడితే మొదటి దెబ్బకే పిన్ను చదునవుతుంది, దిమ్మ మీద గుంట పడుతుంది. ఆ గుంట ఇక పోదు, దాని మీద పడ్డ ప్లేటు భాగం ప్రతి పనిలోనూ పలచగా అచ్చవుతుంది. దీనికి కార్డు మెట్లే గతి. 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న కార్డు ముక్కలు మూడు, ఒకదాని మీద ఒకటి, రెండు వైపులా జిగురున్న టేపుతో. మొత్తం 1.2, టేపు మందంతో ఇంకొంచెం. నాలుగో ముక్క వేస్తే తగులుతుంది. పైముక్కను రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిపితే అదే నాలుక. ఐదారు వందల కార్డుల తర్వాత మందపాటి కాటన్ కార్డు అంచు ఈ మెట్లను నెమ్మదిగా అరగదీస్తుంది. అరుగుదల కింది మెట్ల చోట ముందు కనపడుతుంది. ప్రతి వెయ్యికీ కొత్త ముక్కలు వేయడం నయం. పైసా ఖర్చు కాదు కాబట్టి బెంగ లేదు.

ప్లాస్టిక్ జిగురు గైడ్లు డై కటింగ్ చేసేవాళ్లకు వరం. డై కటింగ్ రూలు ఎత్తు 23.8 మిల్లీమీటర్లు, దానికి ఎదురుగా ఉండేది టింపన్ కాదు, స్టీలు ప్లేటు. అందులో పన్ను దిగదు. జిగురు గైడే శరణ్యం. ప్లేటు మీద నూనె తడి ఏమాత్రం ఉన్నా గంటలోపు జారుతుంది. థిన్నర్‌తో రెండుసార్లు తుడిచి, ఆరాక అతికించి, బొటనవేలితో అర నిమిషం నొక్కి పట్టాలి. చలికాలం పొద్దున ప్లేటు చల్లగా ఉన్నప్పుడు జిగురు పట్టదు. ఫాయిల్ పనిలో దీనికి ఎదురు ఇబ్బంది: వేడి ప్లాటెన్ (కాగితం ఆనే పలక) దాకా పాకి జిగురు మెత్తబడి, కాగితం తాకిడికి గైడ్ కొద్దికొద్దిగా వెనక్కి పోతుంది. ఒక్కసారిగా ఊడిపోతే తెలుస్తుంది. ఇలా పాకితే కట్ట మొత్తం అయ్యాక తెలుస్తుంది. గైడ్ వెనక ప్లేటు మీద స్కెచ్ పెన్నుతో సన్నని గీత గీసి పెట్టుకుంటే పాకుడు కంటికి కనపడుతుంది. ఫాయిల్‌కు వేడిని తట్టుకునే టేపుతో స్టీలు ముక్కను అతికించడమే మంచిది. ఒకసారి పీకిన జిగురు గైడ్‌ను మళ్లీ అతికించవద్దు, నిలవదు.

గ్రిప్పర్ల (కాగితం అంచును నొక్కి పట్టే ఇనుప వేళ్ల) గురించి ఒక మాట. అవి కాగితాన్ని గురికి నిలబెట్టేవి కావు. సిరా జిగటకు కాగితం ఫారానికి అంటుకుపోకుండా ఒలిచేవి మాత్రమే. మార్జిన్‌లో మూడు నాలుగు మిల్లీమీటర్లు పట్టుకుంటే చాలు. కానీ రెండూ ఒకేసారి కాగితాన్ని తాకకపోతే, ముందు తాకినది షీటును తన వైపు ఈడ్చి పక్క పిన్ను నుంచి దూరం చేస్తుంది. మిషన్‌ను నెమ్మదిగా తిప్పుతూ రెండింటి కిందా సన్న కాగితం ముక్కలు పెట్టి చూడండి, రెండూ ఒకే చోట బిగుసుకోవాలి. ఎడమ గ్రిప్పర్ పక్క పిన్ను మీద వాలకుండా చూసుకోవడం మరో పని. మార్జిన్ లేని షీటుకు రెండు గ్రిప్పర్ల మధ్య రబ్బరు బ్యాండు గాని దారం గాని కట్టి, అచ్చు లేని జాగా మీదుగా పోనిస్తే సరిపోతుంది.

పలచని కాగితం గైడ్‌ను తాకి వెనక్కి ఎగరడం వేగంతో వచ్చే జబ్బు. చేత్తో వేసే మిషన్‌కు గంటకు వెయ్యి మంచి వేగం. 60 జీఎస్‌ఎం కాగితానికి దాన్ని ఏడెనిమిది వందలకు దించాలి. నాలుకను ఇంకా కిందికి వంచితే ఆగుతుందనుకుంటారు. అప్పుడు కాగితం నాలుక కిందికి దూరక ముందే ఆగిపోయి అచ్చు కిందికి జారుతుంది.

ఇక అసలు తగాదా. రిజిస్టర్ (అచ్చు పడాల్సిన చోటే పడటం) తప్పగానే గైడ్లు మార్చే అలవాటు మానుకోవాలి. ముందు ఒకే షీటును మూడుసార్లు వేసి, మూడుసార్లూ అచ్చు తీయాలి. గీత మీద గీత పడితే గైడ్లు, గ్రిప్పర్లు, వేసే చెయ్యి అన్నీ బాగున్నట్టే. గీతలు రెండుగా విడితే అప్పుడు పిన్నులు చూడాలి. ఒక్క షీటు బాగా వచ్చి కట్టలో షీటుకు షీటుకు తేడా వస్తుంటే తప్పు కటింగ్‌లో ఉంది. గైడ్‌కు తెలిసేది కాగితం అంచు మాత్రమే. దాని మీద అచ్చయిన బొమ్మ ఎక్కడుందో దానికి తెలియదు. కటింగ్ మిషన్ బ్లేడు మొద్దుబారితే కట్ట పైషీటుకూ అడుగు షీటుకూ అర నుంచి ఒక మిల్లీమీటరు తేడా సులువుగా వస్తుంది. క్రీజింగ్‌కు పోయే శుభలేఖలను రెండంగుళాల కట్టలుగా కాక, అంగుళం లోపు కట్టలుగా కోయించడం వల్ల వచ్చినంత లాభం ఏ ఖరీదైన గైడ్ వల్లా రాలేదు.

ఆఫ్‌సెట్‌లో అచ్చయిన షీటును కోయకుండా అలాగే ట్రెడిల్‌కు తెస్తే ఇంకా మేలు. ఆఫ్‌సెట్ మిషన్ ఫ్రంట్ లే (ముందు అంచును ఆపే గైడ్) ఆనిన అంచునే కింది గైడ్లకు, సైడ్ లే (పక్క అంచును ఆపే గైడ్) ఆనిన అంచునే పక్క గైడ్‌కు వేయాలి. సైడ్ లే కుడివైపుదైతే షీటును తిప్పి వేయడం కాదు, పక్క గైడ్‌నే కుడికి మార్చాలి. అంచులే కాదు, వీలైతే అంచు మీద ఆనే చోట్లు కూడా అవే కావాలి. షీటు మూల సరిగ్గా 90 డిగ్రీలు లేకపోయినా, అంచు కొంచెం వంకరైనా, అవే మూడు చోట్ల ఆనితే కాగితం అదే చోట నిలుస్తుంది. అచ్చు వేసినవాడు కట్ట పక్కన లే మూలకు పెన్సిలుతో అడ్డగీత గీసి ఇస్తే గొడవే ఉండదు. గీయని కట్టను తీసుకోవద్దు. వెనక అచ్చుకు షీటును ఎడమ కుడిగా తిప్పితే పక్క లే అంచు మారుతుంది, తల కిందులుగా తిప్పితే కింది లే అంచు మారుతుంది. మారిన వైపు కటింగ్ తేడా అంతా వెనక పేజీలో బయటపడుతుంది.

గాలిలో తడి ఎక్కువున్న రోజుల్లో మ్యాప్‌లిథో (పూత లేని) కాగితం సాగుతుంది, నారకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. మొదటి అచ్చుకూ రెండో దానికీ మధ్య కట్టలను పాలిథిన్ కప్పి ఉంచాలి. సాగిన కాగితాన్ని ఏ గైడూ సరిచేయలేదు. పిన్నులు ఒకవైపు ఉంటాయి కాబట్టి సాగుదల అంతా ఎదుటి అంచున కనిపిస్తుంది. ముఖ్యమైన రిజిస్టర్ ఉన్న భాగాన్ని గైడ్లకు దగ్గరగా వచ్చేలా ఫారం బిగిస్తే తేడా తక్కువ తెలుస్తుంది.

కొనేవాళ్లు గేజ్ పిన్నుల పెట్టె తెరిచి రెండు సంగతులు చూడండి. పళ్లు నిటారుగా, వాడిగా ఉండాలి. నాలుకను వేలితో ఎత్తి వదిలితే తిరిగి అదే చోటికి రావాలి. మెత్తటి రేకుతో చేసిన నకళ్లలో నాలుక ఎత్తినచోటే ఉండిపోతుంది, అవి వద్దు. మూడు పిన్నులు చాలినా ఆరు తీసుకోండి. మొద్దుబారిన పళ్లను ఆకురాయితో ఒకటి రెండుసార్లు పదును పెట్టొచ్చు, ఆ తర్వాత పన్ను పొట్టిదై దిగదు.