గ్యాస్ అలారం, పొగ అలారం: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

నిజాంపేటలోని మా ఫ్లాట్‌లో వంటింట్లో గ్యాస్ లీక్ అలారం ఒకటి, హాల్లోనూ బెడ్‌రూముల ముందు నడవాలోనూ పొగ అలారాలు రెండు కొన్నేళ్లుగా ఉన్నాయి. కంపెనీల పేర్లు చెప్పను. ఇన్నాళ్లు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, ఏది కొన్నామన్నది తర్వాతి సంగతి, ఎక్కడ బిగించామన్నదే ముఖ్యం.

ముందు గ్యాస్ అలారం. బండలో ఉండే ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే పైకి పోదు, గచ్చు మీద పరుచుకుని గట్టు కింద, మూలల్లో పేరుకుంటుంది. అందుకే అలారం నేలకు ఒక అడుగు ఎత్తులో ఉండాలి. మా ఎలక్ట్రీషియన్ మాత్రం "చిమ్నీ పక్కన పాయింట్ ఉంది కద సార్, అక్కడ పెట్టేస్తా, వైరు కూడా కనబడదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బండ ఉన్న అరలో కాకుండా ఎదురు గోడకు, పొయ్యికి ఓ మీటరు పైన దూరంలో, కిటికీ గాలి నేరుగా కొట్టని చోట ఇన్వర్టర్ లైన్ నుంచి కొత్త పాయింట్ వేయించాను. గోడ కొట్టినందుకు, మళ్లీ పూత పూసినందుకు బాగానే అయింది, ఇంట్లో సణుగుడు కూడా అయింది, కానీ ఆ ఖర్చు అక్కడ పెట్టాల్సిందే. కింద ఉన్నందుకు ఒక తలనొప్పి ఉంది: తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు చిమ్ముతాయి, పనమ్మాయికి ముందే చెప్పి పెట్టుకోవాలి.

భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు కనెక్షన్ ఉన్న ఇళ్లకు ఇదంతా తలకిందులు. అందులో ఎక్కువగా ఉండేది మీథేన్, గాలి కంటే తేలిక, కాబట్టి అలారం కప్పుకు ఒక అడుగు కింద ఉండాలి, పైగా అది మీథేన్‌ను పట్టే రకమై ఉండాలి. మా బావమరిది బండ మానేసి పైపుకు మారాడు గానీ అలారం ఇంకా కిందే ఉంది. అడిగితే "పచ్చ లైటు వెలుగుతోంది కదా బావా" అంటాడు. దానికి కరెంటు వస్తోందనే కదా ఆ లైటు చెప్పేది!

మాది నిజంగా పనికొచ్చింది కొత్త బండ మార్చిన రాత్రి. అమ్మకు జలుబు, మిగతా అందరం నిద్రలో ఉన్నాం, ఎవరికీ వాసన తెలియలేదు. అలారం గోల పెడితే లేచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేశాం. ఎల్పీజీ లీకుల కోసం పెట్టిన ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. చూస్తే బండ వాల్వు లోపలి రబ్బరు వాషర్ అరిగిపోయి ఉంది. గ్యాస్ బయటికి పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ స్విచ్చు దగ్గర లేచే రవ్వ చాలు కొంప అంటుకోవడానికి.

అనవసరంగా మోగడం కూడా ఉంది. బొద్దింకల స్ప్రే, శానిటైజర్, కొత్త పెయింట్, వీటన్నిటికీ ఈ సెన్సర్లు స్పందిస్తాయి. విసుగొచ్చి ప్లగ్గు పీకేసే ఇళ్లున్నాయి, అప్పుడిక అది గోడకు అలంకారమే.

పొగ అలారం వంటింట్లో పెట్టొద్దు. ఎండుమిర్చి పోపు పడితే చాలు, మోగుతూనే ఉంటుంది. పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి, వంటింట్లోనే కావాలంటే వేడిని బట్టి మోగే రకం వేరే దొరుకుతుంది. మిగతా చోట్ల కప్పుకు, గోడ మూల వదిలేసి, ఫ్యాన్ రెక్కల గాలికి దూరంగా బిగించాలి. మన ఇళ్లలో ఫ్యాను ఆగేదెప్పుడు, ఆ గాలికి పొగ చెదిరిపోయి అలారం దాకా ఆలస్యంగా వస్తుంది. రకాల్లో కాంతితో పొగను పట్టేది, అంటే ఫొటోఎలక్ట్రిక్ తీసుకోండి, పరుపో వైరో మంట లేకుండా రాజుకుంటున్నప్పుడు అదే త్వరగా పడుతుంది. శుక్రవారం సాంబ్రాణికి మాది మోగుతుంది, ఆ కాసేపు మోత ఆపే హష్ బటన్ నొక్కుతాం. ఇవి ఇళ్లకు ఎందుకని నన్ను ఎగతాళి చేసిన మా అన్నయ్య, 2025 మేలో హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది పోయాక తనే వచ్చి ఎక్కడ కొన్నావని అడిగాడు.

టెస్ట్ బటన్‌ను నమ్ముకోకండి, చాలా గ్యాస్ అలారాల్లో అది చెప్పేది బజర్ పనిచేస్తోందని మాత్రమే, సెన్సర్ సంగతి కాదు. లైటర్ గ్యాస్ వదిలి చూసే అలవాటు కూడా వద్దు, సెన్సర్ పాడవుతుంది. గ్యాస్ సెన్సర్ సాధారణంగా ఓ 5 ఏళ్లు, పొగది 10 ఏళ్లు, వెనక వేసిన తేదీ చూసి మార్చేయాలి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి: దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మామూలు గ్యాస్ అలారం దాన్ని పట్టదు, దానికి అలారం విడిగా కొనాలి.

మా గ్యాస్ అలారానికి కూడా మార్చే టైం దగ్గరపడింది. ఈసారి వైఫై, యాప్ ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టను, ఆ డబ్బుతో లోపల బ్యాటరీ ఉన్నది, గ్యాస్ లీకైతే దానంతటదే వాల్వు మూసేది తీసుకుందామనుకుంటున్నా.